ఎడమవైపు నల్ల టేపు

మా అమ్మని గుడ్ల గోదాములో అందరూ అనుమానప్పక్షి అంటారు. ముఖం మీదే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. చీకటి గదిలో దీపం ముందు కూర్చుని ఒక్కో గుడ్డునీ వెలుగుకి ఎత్తి పట్టి, తిప్పి, లోపల మచ్చ ఉందేమో చూడటం ఆమె ఉద్యోగం. గుడ్డు ఎంత నున్నగా ఉంటే ఆమెకి అంత అనుమానం. మంచిదని తెలిసిన ఇంకో గుడ్డు పక్కన పెట్టుకుని పోల్చనిదే దేన్నీ తేల్చదు.

ఆ చూపు గోదాముతో ఆగితే బాగుండేది. పాలవాడు నవ్వాడంటే నీళ్లు కలిపాడని అర్థం. పక్కింటావిడ పలకరించిందంటే ఏదో కూపీ లాగడానికే. నాన్న పెందలాడే ఇంటికొస్తే ఎందుకొచ్చావని, ఆలస్యమైతే ఎక్కడున్నావని. ఆయన జవాబులు చెప్పడం ఎప్పుడో మానేశాడు.

దీనికంతటికీ మూలం పళ్లేనని నా నమ్మకం. అమ్మవి ఎత్తు పళ్లు. చిన్నప్పుడు తోటి పిల్లలు బాగా ఏడిపించారట. ఇప్పటికీ ఎవరు నవ్వినా తనని చూసే అనుకుంటుంది. తనకి నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. మా ఇంట్లో ఏ ఫోటోలో చూసినా ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టు పెదవులు బిగించి ఉంటుంది.

అలాంటి మనిషి ముందు నేను పెళ్లి చేసుకుంటానన్నది ఒక పళ్ల డాక్టర్ని. అదీ వంకర పళ్లకి తీగలు వేసి సరిచేసే డాక్టర్ని.

"నవ్వడం వాళ్ల వ్యాపారమే. అతని నవ్వు నిజమో కాదో నీకెలా తెలుస్తుంది?" అంది.

కాదనలేదు, ఔననలేదు. కొన్నాళ్లకి తనే, "నా పళ్లు బాగుచేయమను, చూద్దాం" అంది. అమ్మ ఔనంటేనే పెళ్లి అని నేను అతనితో ముందే చెప్పేశాను. అలా నా బతుకు వెళ్లి అమ్మ నోట్లో పడింది.

అతను పైవరసలో రెండు పక్కలా ఒక్కో పన్ను తీసి తీగలు బిగించాడు. ముందు పళ్లు మెల్లగా వెనక్కి జరిగి ఆ ఖాళీలు పూడాలి. అది నెలల పని. తర్వాతి సారి ఒక పరికరం ఇచ్చాడు. నోట్లో పెట్టుకుని కరిచి పట్టుకుంటే చిగుళ్ల మీద సన్నటి వెలుగు పడుతుంది.

"రోజూ కాసేపు పెట్టుకుంటే పళ్లు కాస్త తొందరగా జరగొచ్చండీ. కొందరికి పనిచేసినట్టుంది, కొందరికి తేడా ఏం కనబడలేదు. ఇష్టమైతేనే వాడండి" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మ దాన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూసిందో!

"వేడి లేదు, నొప్పి లేదు. వెలుగు లోపలున్నది చూపిస్తుంది, అంతే. పన్నుని నెడుతుందట! నీ చెవిలో పువ్వు పెట్టాడు, నువ్వు పెట్టించుకున్నావు."

"అయితే వాడకు."

"ఎందుకు వాడను? వాడతాను."

ఆమె కడుపున పుట్టినదాన్ని, నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

చాలా వారాల తర్వాత ఆ పరికరం నా చేతికి దొరికింది. ఎడమ సగం మీద నల్ల టేపు అంటించి ఉంది. గోదాములో వెలుగు పక్కకి పోకుండా దీపం చుట్టూ వేసే టేపు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇదేంటమ్మా?"

"పోల్చడానికి పక్కన ఇంకోటి ఉండొద్దూ? కుడివైపు వెలుగు, ఎడమవైపు చీకటి. రెండూ ఒకేలా జరిగాయనుకో, నీ డాక్టరు రంగు బయటపడుతుంది. అతనికి చెప్పావో, చూడు!"

"నీ అనుమానం వెలుగు మీదా, అతని మీదా?"

"రెండూ వేరా?"

వంటింట్లోకి పోయి ఏడ్చాను. అతనికి చెప్పలేదు. ఆ దాపరికం నన్ను తినేసింది.

తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అతను చిన్న అద్దం పెట్టి చూశాడు, కొలిచాడు, మళ్లీ కొలిచాడు.

"కుడివైపు ఖాళీ బాగా తగ్గిందండీ. ఎడమవైపే వెనకబడింది."

అమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "అయితే లైటు పనిచేసినట్టేగా, డాక్టరు గారూ?"

"అలా ఎలా చెప్తామండీ? లైటు రెండు వైపులా పడుతోంది కదా."

అమ్మ సంచిలోంచి పరికరం తీసి, టేపుతో సహా అతని చేతిలో పెట్టింది. "ఎడమవైపు పడలేదు. నేనే కప్పాను."

అతను టేపుని చూశాడు, అమ్మని చూశాడు, నన్ను చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇప్పుడు చెప్పండి. గొప్పంతా లైటుదేగా?"

ఔనను, ఔననవయ్యా అని లోపల మొత్తుకుంటున్నాను. ఒక్క ముక్క అంటే గెలిచిపోతాడు, నా పెళ్లి ఖాయం.

"కావచ్చు. మీరు కుడివైపే ఎక్కువ నములుతారేమో, అటు ఎముక తీరే వేరేమో. ఒక్క నోరు చూసి ఎలా తేల్చనండీ? ఒక్క గుడ్డు చూసి గంపంతా మంచిదని మీరంటారా?" అన్నాడు.

 అమ్మ ఉన్నట్టుండి పకపకా నవ్వింది. తీగలూ, పూడని ఖాళీ అన్నీ కనబడ్డాయి. చెయ్యి మాత్రం ఒళ్లోంచి లేవలేదు.

మెట్లు దిగుతూ దిగుతూ మధ్యలో ఆగి, అతను తిరిగిచ్చిన పరికరం మీది టేపుని గోటితో పీకుతూ అంది: "పెళ్లికి మరీ తొందరపడొద్దని చెప్పు మీ ఆయనకి. ఈ ఎడమవైపు కూడా సర్దుకోనీ. ఫోటోలో నేను నవ్వాలి."

ఎడమవైపు ఆలస్యం ఎవరి పుణ్యమో నేను అడగలేదు.