బాపు నన్ను తీసుకుపోవడానికి వచ్చిన రోజు

మొన్న మోకాళ్ల నొప్పికి కరీంనగర్‌లో ఒక ఆస్పత్రికి వెళ్లి నా వంతు కోసం కూర్చున్నప్పుడు, పక్క గదిలో నర్సింగు చదివే ఆడపిల్లలు మంచం మీద పడుకోబెట్టిన రబ్బరు బొమ్మకు ఒళ్లు తుడవడం నేర్చుకుంటూ కనిపించారు. బొమ్మ చెయ్యి వంగక నవ్వుకుంటున్న ఆ పిల్లల్ని చూస్తుంటే, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఇదే ఊళ్లో నేను నర్సు పని నేర్చుకున్న రోజులు కళ్ల ముందుకు వచ్చాయి.

మాకు పని నేర్పింది పెద్ద నర్సమ్మ. చిన్న వయసులోనే భర్త పోతే, హైదరాబాదులో ఈ చదువు చదువుకుని వచ్చిన మనిషి. పాఠం చెప్పడం తక్కువ, పక్కన నిలబెట్టుకుని చేయించడం ఎక్కువ. రోగిని ముట్టుకునే ముందు ఏం చేయబోతున్నామో చెప్పాలనేది ఆమె నియమం; ఒంటి మీద తెలివి లేని రోగికైనా సరే, చెప్పాల్సిందే. దుప్పటి మడత తప్పితే ఊరుకునేదేమో గాని, చెప్పకుండా చెయ్యి వేస్తే ఆ పూట మాతో మాట్లాడేది కాదు.

నేను చేరి ఏడాది కాకముందే, ధర్మపురి దగ్గరి మా ఊరి నుంచి బాపు వచ్చాడు. పరాయి మగవాళ్ల ఒళ్లు ముట్టుకునే పిల్లను ఎవరు చేసుకుంటారని మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, నలుగురిలో నిలదీశాడట.

"ఊర్లె తల ఎత్తుకోలేకపోతున్న బిడ్డా. బట్టలు సదురుకో, పోదాం" అన్నాడు, నా ముఖంలోకి చూడకుండా.

పెద్ద నర్సమ్మ వాదించలేదు. "జర కూసోండ్రి పటేలా. పిల్ల డ్యూటీల ఉన్నది. అయినంక తోల్కపోండ్రి" అని వరండాలో బల్ల చూపించింది.

అప్పుడు మా వార్డులో ఉట్నూర్ అడవుల నుంచి జీపులో తెచ్చిన ఒక గోండు ముసలమ్మ ఉండేది. కాలి పుండు బాగా ముదిరాక వచ్చింది. వెంట అయినవాళ్లెవరూ లేరు. ఆమె మాట మాకు రాదు, మా మాట ఆమెకు తెలియదు. అయినా కట్టు విప్పే ముందు నేను తెలుగులోనే చెప్పేదాన్ని, ఆమె కళ్లు మూసుకుని కాలు నా వైపు జరిపేది. బాపు అలా బల్ల మీద కూర్చుని ఉండగానే, ఆ మధ్యాహ్నం ఆమె ప్రాణం పోయింది.

నేను చూసిన మొదటి చావు అది. నీళ్ల గిన్నె తెచ్చి పెట్టి, గుడ్డ ముంచకుండా నిలబడిపోయాను. పెద్ద నర్సమ్మ నా చేతి మీద తన చెయ్యి వేసి గుడ్డ తడిపించింది.

"చెప్పు బిడ్డా. ఇప్పుడు గూడ చెప్పాలె" అంది.

"అవ్వా, మొఖం తుడుస్తున్న" అన్నాను. ఇద్దరం కలిసి ఆమె ఒళ్లు తుడిచి, చిక్కులు పడిన జుట్టు దువ్వి, ఉతికిన చీర కప్పాం. తలెత్తి చూస్తే బాపు గుమ్మంలో, తలపాగా తీసి చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు.

సాయంత్రం నేను బట్టల మూటతో బయటికి వస్తే, బాపు ఆ మూట తీసి బల్ల మీద పెట్టాడు.

"గా అవ్వకు కన్నోళ్లు లేరు, కడుపున పుట్టినోళ్లు రాలే. నువ్వుంటివి" అన్నాడు. "నువ్వు ఉండు. మీ పెద్దబాపుకు నేను చెప్పుకుంట" అని ఒక్కడే బస్టాండు దారి పట్టాడు.

పెద్దబాపు చాలా ఏళ్లు మా గడప తొక్కలేదు. బాపు ఆ సంగతి నా ముందు ఎన్నడూ ఎత్తలేదు. తరువాత నేను ఉట్నూర్ దవాఖానలో పని చేశాను, గోండు మాటలు నేర్చుకున్నాను, కొత్తగా వచ్చిన పిల్లలకు పక్కన నిలబడి పని నేర్పాను. ఇప్పటి పిల్లలకు నాకు తెలియని విద్యలెన్నో తెలుసు, వాళ్లను తక్కువ చేయను. ఒక మంచం ఖాళీ అయితే మరొకరు కాచుకుని ఉండే చోట, పోయిన మనిషి దగ్గర ఆగే తీరిక ఎవరికుంటుంది? కాకపోతే, మొదటి చావు చూసిన రోజున ఏ పిల్లయినా, ఎవరితోనూ ఏమీ చెప్పుకోలేక, ఒంటరిగా హాస్టలుకు నడిచిపోతుందేమోనన్న దిగులు నన్ను వదలడం లేదు.