ధర్మరాజు బండిలో ప్లేస్‌మెంట్ సార్లు

కాలేజీ పిల్లలకు ఉద్యోగాలిచ్చే కంపెనీల వాళ్ళు జంషెడ్‌పూర్‌లో దిగితే, వాళ్ళను స్టేషన్ నుంచి హోటల్‌కూ, హోటల్ నుంచి కాలేజీలకూ తిప్పే పని ఎక్కువగా ధర్మరాజుకే పడేది. సాక్చీలోని ఒక ట్రావెల్స్‌లో పందొమ్మిదేళ్ళుగా డ్రైవరు. వేళ తప్పడు, బండిలో పాటలు పెట్టడు, అడగనిదే మాట్లాడడు. అందుకే యజమాని ఆ డ్యూటీలు ఏరికోరి అతనికే వేసేవాడు.

తండ్రి ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి టాటానగర్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరాడు. ధర్మరాజు పుట్టి పెరిగింది జంషెడ్‌పూర్‌లోని భాలుబాసాలోనే. పదో తరగతి తప్పాక స్టీరింగ్ పట్టుకున్నాడు. అలాగని చదువుల సంగతి తెలియనివాడు కాదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు, ముందున్న డ్రైవరుకు చెవులుంటాయన్న మాట మరిచిపోతారు. పేరున్న కాలేజీకి వెళ్ళే రోజు, "ఏ బ్రాంచి అయితేనేం, చురుకైన పిల్లలు దొరుకుతారు" అనుకునేవారు. చిన్న కాలేజీకి వెళ్ళే రోజు, "ఎలక్ట్రికల్ వాళ్ళను చూసి వచ్చేద్దాం, మిగతావాళ్ళతో పని లేదు" అనుకునేవారు. ఏళ్ళ తరబడి ఇవన్నీ ధర్మరాజు వింటూనే ఉన్నాడు.

అతనికి ఒక్కతే కూతురు, తనూజ. ప్లస్ టూ అయ్యాక ఆ పిల్లకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి పేరు చెబితే ఎవరైనా తల తిప్పి చూసే కాలేజీ. కానీ అక్కడ ఆమె ర్యాంకుకు దొరికింది ఇష్టం లేని బ్రాంచి. రెండోది ఖర్కాయి నది అవతల, ఊళ్ళోవాళ్ళలోనే సగం మందికి తెలియని చిన్న కాలేజీ. అక్కడ ఎలక్ట్రికల్.

అదే ఊళ్ళో కద్మాలో ఉండే ధర్మరాజు అన్న ముసలయ్య ఈ మాట విని స్కూటరేసుకుని వచ్చేశాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి.

"ఒరే, అంత పేరున్న కాలేజీలో సీటొత్తే ఒదులుకుంతారేట్రా? లోపల ఏటి సదివిందో ఎవుడడుగుతాడు? ఏ కాలేజీ అనే అడుగుతారు!"

"పేరుకి ఇలవుంది అన్నియ్యా, నాను కాదనను," అన్నాడు ధర్మరాజు. "నా బండెక్కినోళ్ళందరూ అదే అంతారు. మరి ఈ పిల్లకి మనసు లేని సదువు నాలుగేళ్ళు మొయ్యాల కదా? సిన్న కాలేజీ అయినా ఎలక్ట్రికల్ పిల్లల కోసం ఆళ్ళు నది దాటి ఎళ్తన్నారు. నాను తీసుకెళ్తన్నాను."

తనూజ పెద్దవాళ్ళు తెలుగులో అడిగినా హిందీలోనే జవాబిచ్చే పిల్ల. "పాపా, ముఝే ఎలక్ట్రికల్ హీ కర్నా హై," అంది. ఎలక్ట్రికల్ తప్ప ఇంకేదీ వద్దన్నమాట. ముసలయ్య టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

తనూజ నది అవతలి కాలేజీలోనే చేరింది. నాలుగో ఏడు సెప్టెంబరులో ఒక సాయంత్రం యజమాని ఫోన్ చేశాడు. పుణె నుంచి కంట్రోల్ ప్యానెళ్ళు తయారుచేసే కంపెనీ వాళ్ళు ఇద్దరు వస్తున్నారు, రెండు రోజుల డ్యూటీ. రెండో రోజు వెళ్ళాల్సింది తనూజ కాలేజీకే. ఇంకెవరినైనా పంపమని ధర్మరాజు అడిగాడు. ఎవరూ లేరన్నాడు యజమాని.

ఆ మాట తనూజకు చెప్పాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, ఈసారి తెలుగులోనే అంది: "మీరు బండిలో ఉంతారు. నాను లోపల ఉంతాను. ఇందులో ఏటుంది?"

వచ్చినవాళ్ళలో పెద్దాయన శ్రీవాస్తవ, చిన్నావిడ బెనర్జీ. మొదటి రోజు వాళ్ళను పేరున్న ఒక కాలేజీలో దింపాడు. రెండో రోజు నది దాటించాడు. కాలేజీ ఆవరణలో పిల్లలు ఇస్త్రీ బట్టల్లో వరసగా నిలబడి ఉన్నారు. తనూజ తండ్రి వైపు చూడలేదు. ధర్మరాజు ఆమె వైపు చూడలేదు. బండిని దూరంగా నీడలో పెట్టి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో వంతెన మీద లారీ ఆగిపోయి బండ్లన్నీ నిలిచిపోయాయి. వెనక ఇద్దరూ హిందీలో మాట్లాడుకుంటున్నారు.

"ఆ పొడుగు అమ్మాయి, తనూజ," అన్నాడు శ్రీవాస్తవ. "రిలే సర్క్యూట్ గీయమంటే గీసి, నేనిచ్చిన ప్రశ్నలోనే తప్పుందని చూపించింది. నిన్నటి కాలేజీలో ఒక్కరూ పట్టుకోలేదు."

ధర్మరాజు అద్దంలోకి చూడకుండా ఆగిన లారీ వైపే చూశాడు.

"అయితే నిన్నటివాళ్ళకిచ్చే జీతమే ఈ అమ్మాయికీ ఇద్దామా?" అంది బెనర్జీ.

"కుదరదు. నిన్నటి కాలేజీకి ఏడాదికి ఎనిమిది లక్షలు, ఈ కాలేజీకి ఐదున్నర. పైనుంచి వచ్చిన లెక్క అది."

"ఒకే సెక్షన్, ఒకే పని. కాలేజీ పేరుకి రెండున్నర లక్షలా సార్?"

"మొదట్లో అంతే. పని చూశాక ఎవరూ కాలేజీ అడగరు," అన్నాడు శ్రీవాస్తవ.

ఊసుపోకో ఏమో, బెనర్జీ ముందుకు వంగి, "డ్రైవర్‌జీ, మీకు పిల్లలున్నారా?" అని అడిగింది.

"ఒక అమ్మాయి, మేడమ్. చదువుకుంటోంది."

ఆమె ఇంకేదో అడగబోయింది. ఇంతలో లారీ కదిలింది, వెనక హారన్లు మోగాయి. ధర్మరాజు గేరు వేశాడు.

ఇంటికి వచ్చాక భార్య ఇంద్రాణి కాళ్ళు కడుక్కోనివ్వకుండానే మొదలెట్టింది. "ఏటనుకున్నారు? మన పిల్ల మాటొచ్చిందా?"

"బండిలో ఆళ్ళ మాటలు ఆళ్ళవి. మనకెందుకు?"

తరవాతి రెండు రోజులూ అతనికి అన్నం సహించలేదు. కూతురికి ఉద్యోగం వచ్చినట్టేనని తెలుసు. అదే పనికి ఇంకొకరికి ఎక్కువ ఇస్తారనీ తెలుసు. ముందే చెబితే జీతం గట్టిగా అడుగుతుందేమో. కానీ చెబితే ఇన్నేళ్ళూ వెనక సీటువాళ్ళు తనను నమ్మి మాట్లాడినదానికి అర్థం లేకుండా పోతుంది. చెప్పలేదు.

మూడో రోజు ఐదున్నర లక్షలకు ఆఫర్ వచ్చింది. ఇంద్రాణి ఏడ్చేసింది. తనూజ ఆ కాగితం రెండుసార్లు చదివి, కంపెనీకి తనే ఫోన్ చేసింది. తండ్రి పక్క గదిలో నిలబడి విన్నాడు.

"మేడమ్, ఇదే పోస్టుకి వేరే కాలేజీలవాళ్ళకి ఎక్కువ ఇస్తారని మా సీనియర్లు చెప్పారు. మొదట తక్కువైనా చేరతాను. కానీ ఏడాది పని చూశాక అందరినీ ఒకే కొలతతో కొలుస్తామని నాకు రాసివ్వగలరా?"

అవతల ఉన్నది బెనర్జీయే. అడిగి చెబుతానంది. వారం తిరక్కముందే ఆ హామీ ఉత్తరంలో చేరి వచ్చింది. తను నోరు విప్పకపోయినా పిల్ల తన సంగతి తనే చూసుకుందని ధర్మరాజు ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

పుణెలో చేరి ఏడాది తిరిగాక తనూజ జీతం మిగతావాళ్ళతో సమానమైంది. పార్టీ ఇచ్చినప్పుడు, ఇంటర్వ్యూల రోజు బండి నడిపింది మా నాన్నేనని బెనర్జీతో చెప్పిందట. బెనర్జీ వెంటనే ధర్మరాజుకు ఫోన్ చేసింది.

"ఆ రోజు వంతెన మీద మేం మాట్లాడుకున్నదంతా విన్నారా?"

"విన్నాను మేడమ్."

"మీ అమ్మాయేనని ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే మీరు ఉద్యోగమిచ్చింది తనను చూసో, నన్ను చూసో నాకెప్పటికీ తెలిసేది కాదు మేడమ్."

ఈ కబురు కద్మా చేరింది. ఆదివారం ముసలయ్య మిఠాయి పొట్లంతో వచ్చి, కూర్చోకుండానే అన్నాడు: "నాను సెప్పిందీ అబద్ధం కాదు కదరా? పేరుకి డబ్బులిచ్చారు."

"ఇచ్చారు అన్నియ్యా. ఏడాది ఇచ్చారు," అన్నాడు ధర్మరాజు. "తరవాత పిల్ల సంపాదించుకుంది."

ముసలయ్య నవ్వి, కుర్చీ లాక్కుని, మరదలిని టీ పెట్టమన్నాడు.