ఇరవై పడితే ఇంకోటి

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి నరసరావుపేటలో జనం ఏం చేస్తారు? తిని పడుకుంటారు. మా ఆయన అదే చేస్తాడు. నేను మాత్రం ఆ టైముకి మేడ మీద గదిలో చాప పరిచి, ఫ్యాను ఐదు మీద పెట్టి, రాక్షసుల్ని చంపే పనిలో ఉంటా. నేనొక్కదాన్నే కాదు, మా అత్తయ్య కూడా.

నవ్వకండి. నవ్వాల్సినవాళ్ళు ఇప్పటికే నవ్వారు. "ఈ వయసులో పిల్లలాటలేంది?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగింది. "పిల్లలకి రాదండీ ఇది, తెలివుండాలి" అన్నా. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. నాకేం పోయింది!

ఆట ఏందో చెప్తా. బోర్డు ఉండదు, పావులుండవు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకడు వీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. "అడివిలో ఉన్నారు, ఎదురుగా వాగు, అవతల ఒడ్డున ఏదో కదులుతోంది, ఏం చేస్తారు?" అని కథ నడిపేవాళ్ళు అడుగుతారు. ఏం చేస్తామో మనం చెప్పాలి. అది అయ్యేదీ లేనిదీ పాచిక చెప్పుద్ది. ఉసిరికాయంత పాచిక, దానికి ఇరవై ముఖాలు. పెద్ద అంకె పడితే పనైనట్టు, చిన్నది పడితే వాగులో మునిగినట్టు. ఇంతోటి దానికి మూడు గంటలు ఎట్టా పోతాయో నాకిప్పటికీ తెలీదు.

దీన్ని మా ఇంటికి పట్టుకొచ్చింది పక్క వీధి తమ్ముడు. జూనియర్ లాయరు. నాది కోర్టు ఎదురుగా టైపింగు, జిరాక్సు కొట్టు. ఒకరోజు పెన్‌డ్రైవ్ తెచ్చి "అక్కా, ఇది ప్రింటు తియ్యి" అన్నాడు. చూస్తే ఇంగ్లీషులో బండెడు ఆట రూల్సు. మిషను తీస్తున్నంతసేపూ చదువుతూ కూర్చున్నా. కత్తి బరువెంత, ఏ మంత్రం ఎంతసేపు పనిచేస్తుంది, డ్రాగన్లు ఎన్ని రకాలు! వాళ్ళ పిచ్చి పాడుగాను, మా కోర్టు కాయితాల్లో కూడా అంత పకడ్బందీ ఉండదు. "ఎవరితో ఆడతావు?" అన్నా. "ఎవరూ లేరక్కా" అన్నాడు మొహం వేలాడేసుకుని. "నేను చచ్చానా?" అన్నా.

మూడో మనిషి కింద వాటాలో ఉండే బాబాయ్. క్వారీలో టిప్పరు తోలతాడు. ఊరికే చూడ్డానికొచ్చి మంత్రగాడయ్యాడు. మంత్రాలు వాడడు. ఎక్కడ గోడ కనిపించినా ఆగి, "ఇది ఏం రాయి? పొర ఎటుంది?" అని అడుగుతాడు. "మంత్రం వెయ్యి బాబాయ్" అంటే, "రాయిని అట్టా పగలగొట్టకూడదమ్మాయ్, దానికో పద్ధతుంది" అంటాడు.

మొదటి రోజుకి పాచికలు ఇంకా కొరియర్లో రాలేదు. తంబోలా బిళ్ళల్లో ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి, స్టీలు చెంబులో వేసి, చెయ్యి పెట్టి తీస్తున్నాం. అత్తయ్య మూలన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. బాబాయ్‌కి ఇరవై వచ్చింది. ముగ్గురం ఎగిరి గంతేశాం. అత్తయ్య తలెత్తకుండానే, "అరుస్తారేంది, ఇంకోటి తియ్యమనండి. పెద్దది పడితే ఇంకోటి వెయ్యాలని కూడా తెలీదా?" అంది.

బాబాయ్ మళ్ళీ చెంబులో చెయ్యి పెట్టాడు. ఎందుకని ఎవరమూ అడగలేదు. ఎట్టా అడుగుతాం? అందరం గవ్వలాడుకుంటూ పెరిగినవాళ్ళమేగా. అష్టాచెమ్మలో నాలుగో ఎనిమిదో పడితే ఇంకోసారి వెయ్యాలి. మళ్ళీ పడితే మళ్ళీ వెయ్యాలి. వరుసగా మూడోసారి కూడా పడిందా, మొత్తం మురిగిపోద్ది, అప్పటిదాకా వచ్చింది కూడా పోద్ది. మా అత్తయ్యది పెదకూరపాడు. గవ్వల్లో ఆవిడ మీద గెలిచినవాళ్ళని నేను చూళ్ళేదు. ఆ రోజు నుంచి మా ఆటలో ఇరవై పడితే ఇంకోటి వేసి రెండూ కలపటం, వరుసగా మూడు ఇరవైలు పడితే అంతా మురుగు. నిజం పాచికలొచ్చాక కూడా అదే. తమ్ముడు చదివాడులే అని నేను, నేను చదివుంటాలే అని తమ్ముడు. ఒక లాయరు, ఒక టైపిస్టు, ఇద్దరమూ కాయితం చూడకుండా ఒప్పుకున్న రూలు జన్మలో అదొక్కటే.

చిక్కుడుకాయలు అయిపోయాక అత్తయ్య కూడా చాప మీదకి జరిగింది. "నన్ను దొంగని చెయ్యండి" అంది. మేం ముక్కున వేలేసుకున్నాం. వీధిలో అందరికీ పెద్దరికం చేసే మనిషి, ఆదివారం వస్తే చాలు, రాజుల తాళాలు తీస్తుంది. డ్రాగన్ ఎదురైతే తమ్ముడు కత్తి దూస్తాడు, ఆవిడ "ఉండరా, దీనికి పిల్లలున్నాయేమో కనుక్కో ముందు" అంటుంది. చంపకుండా బేరమాడి రెండు డ్రాగన్లని పంపించేసింది కూడా!

ఇట్టా ఒక ఏడాది ఆడాక నాకూ దురద పుట్టింది. నేనే ఒక కథ రాశా. కొండమీద పాడుబడ్డ కోట, పైకెళ్ళే దారి, లోపల ఏముందో ఎవరికీ తెలీని ఒక రాతి తలుపు. కొండవీడు కోటకి మా ఆయన్ని బండి మీద మూడుసార్లు లాక్కెళ్ళా. ఆయన నీడలో కూర్చుని పల్లీలు తింటుంటే నేను గుమ్మాలు అడుగులేసి కొలుచుకున్నా. కొట్లో గిరాకీ లేనప్పుడల్లా టైపు కొట్టి, బైండింగు చేయించా. తలుపు దగ్గర రాశా: "తెరవాలంటే నలభై దాటాలి." అంటే రెండు ఇరవైలు పడాలి, మూడోది పడకూడదు. తెరుచుకోకపోతే వెనక లోయలోంచి చుట్టూ తిరిగి పోవచ్చు. మా ఇంట్లో నాలుగుసార్లు ఆడాం. నాలుగుసార్లూ లోయే. తలుపు వెనక నేను రాసిన పేజీ నేను తప్ప ఎవరూ వినలేదు.

విజయవాడలో ఈ ఆటల పిచ్చోళ్ళంతా ఏటా ఒక రోజు కలుస్తారంట. తమ్ముడు నాకు చెప్పకుండా నా పుస్తకం వాళ్ళకి పంపాడు. "తెలుగులో కథ కావాలనే చూస్తున్నాం, ఒకసారి మీతో ఆడి చూస్తాం" అని జవాబొచ్చింది. ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నా. పద్దెనిమిదేళ్ళుగా ఇతరుల మాటలే కొట్టిన చెయ్యి నాది. నా సొంత మాటలు ముక్కూ మొహం తెలీనివాళ్ళు కూర్చుని ఆడతారంటే ఎట్టా ఉంటుంది? నాకది కావాలి. సిగ్గెందుకు, చానా కావాలి.

ఆ తర్వాతి ఆదివారం విజయవాడ నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఆ సభ నడిపేది తనేనంట, ముప్పై కూడా ఉండవు. ముందే చదివితే ఆట చప్పబడుద్దని నా పుస్తకం తెరవలేదంట. సంచీలో తన పాచికలు తనే తెచ్చుకుంది, నీలంరంగువి, వెలుతురుకి మెరుస్తున్నాయి. అత్తయ్య ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూసి, "బాగుంది, గవ్వంత బాగోలేదు" అంది. నా కథ కాబట్టి నేనే నడపాలి. ఆ అమ్మాయి వీరురాలు, అత్తయ్య దొంగ, బాబాయ్ మంత్రగాడు, తమ్ముడు విలుకాడు.

ఓరి నాయనో, ఎంత బాగా సాగిందో! కాపలా దెయ్యం దగ్గర తమ్ముడు లా పాయింటు తీశాడు, నువ్వు చచ్చిపోయావు కాబట్టి నీ కాపలా చెల్లదని. దెయ్యం పక్కకి తప్పుకుంది, ఇంకేం చేస్తుంది! బాబాయ్ మెట్ల మీద చెవి పెట్టి కింద డొల్లుందని కనిపెట్టాడు. అత్తయ్య దెయ్యం నడుముకున్న తాళాలు కొట్టేసింది. ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది. నాలుగయ్యేసరికి అందరూ రాతి తలుపు ముందున్నారు.

"తలుపు నెడతాను" అంది ఆ అమ్మాయి. పాచిక తీసుకుని, ఆగి, నా చేతిలో పుస్తకంలోకి తొంగి చూసింది. "ఇక్కడ నలభై అని ఉందండీ. అచ్చుతప్పేమో. ఇరవై ముఖాల పాచికతో నలభై ఎలా దాటుతుంది?"

"ఇరవై పడితే ఇంకోటి వేస్తాం గదండీ" అన్నా.

"ఎందుకు?" అంది.

తమ్ముడు ఫోనులో రూల్సు తీశాడు. పైకీ కిందకీ తోశాడు. మొహం పాలిపోయింది. "లేదక్కా. ఎక్కడా లేదు" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రూలు నా పుస్తకంలో కూడా రాయలేదు నేను. అందరికీ తెలిసిందేగా, రాసేదేముంది అనుకున్నా! పట్నం నుంచి వచ్చిన మనిషి ముందు, ఆట తెలీకుండా ఆట రాసిన దాన్నయ్యా. "తప్పే, తప్పే, ఇప్పుడే మారుస్తా" అని ఎర్రపెన్ను తీసుకుని నలభై కొట్టేసి పద్దెనిమిది వేశా. "ఇంట్లో ఏదో అలవాటులెండి, మా అత్తయ్య ఏదో అంటే..." అని నసిగా. అత్తయ్య చాప మీంచి లేచింది. "టీ పెడతా" అని వంటింట్లోకి పోయింది. తిట్టినా బాగుండేది.

ఆ అమ్మాయి పాచిక వేసింది. ఇరవై.

కొత్త రూలు ప్రకారం తలుపు తెరుచుకున్నట్టే. ఒక్కరూ కదల్లేదు. "అదేంటి, ఇరవై పడితే ఎవరూ అరవరేంటి?" అంది. "అరవడానికి ఇంకా అవలేదుగదమ్మా" అన్నాడు బాబాయ్, నోట్లోంచి వచ్చేసి, నాలిక్కరుచుకున్నాడు. అత్తయ్య వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది, పాచిక చప్పుడు వింటే ఆగలేదు ఆవిడ. ఆ అమ్మాయి అత్తయ్య వైపు చూసింది. "వెయ్యమంటారా, పెద్దమ్మా?"

"నన్నెందుకు అడుగుతావు? పుస్తకాన్ని అడుగు" అంది అత్తయ్య.

నాకు కోపం నషాళానికంటింది. ఎవరి మీదా కాదు, నా మీద నాకే. ఏడాది పొడుగునా మమ్మల్ని గొంతులు పోయేలా అరిపించింది ఏ పుస్తకం? ఆ పద్దెనిమిది మీద పెన్ను విరిగేలా గీత కొట్టా. "వెయ్యండి. నేను రాసింది నలభై. మీ సభకి పనికిరాకపోతే మానె, మా ఇంట్లో ఇరవై పడితే ఇంకోటి వెయ్యాలి" అన్నా.

వేసింది. పాచిక చాప అంచుదాకా దొర్లి ఆగింది.

ఇరవై!

ఇక చూడండి గోల! తమ్ముడు మోకాళ్ళ మీద లేచాడు. బాబాయ్ తువ్వాలు తీసి నడుముకి బిగించాడు, తనే తలుపు నెడుతున్నట్టు. "ఇప్పుడు మూడోది. ఇరవై పడిందా, మూడూ మురుగు, తలుపు నీ మీద పడుద్ది" అని అత్తయ్య చాప మీదకొచ్చి కూర్చుంది. ఆ అమ్మాయి పాచికని గుప్పిట్లో పట్టుకుని, "నేను పుట్టాక ఇరవై వద్దని దండం పెట్టుకోవడం ఇదే" అంది. "తొందరపడకు తల్లీ, వేళ్ళు వదులుగా పెట్టి వెయ్యి" అంది అత్తయ్య. పక్క గదిలోంచి మా ఆయన కూడా లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఎవరన్నా పడిపోయారేమోనని.

పాచిక దొర్లింది. మూడు పడింది.

మూడు! ఏ ఆటలోనైనా అది చూసి నెత్తి కొట్టుకుంటారు. మేం మూడు పడినందుకు గది పైకప్పు లేచిపోయేట్టు అరిచాం. ఆ అమ్మాయి "మూడు! మూడు!" అని అత్తయ్యని వాటేసుకుని ఊపేసింది. నలభై మూడు. తలుపు తెరుచుకుంది, మొట్టమొదటిసారి.

ఎవరూ వినని పేజీ అప్పుడు చదివా. లోపల నిధి లేదు. వంటిల్లు. పొయ్యిలో నిప్పు ఆరలేదు, పీట వాల్చే ఉంది, చెంబులో నీళ్ళు ఇంకా కదులుతున్నాయి. వందల ఏళ్ళుగా మూసి ఉన్న కోటలో ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళారు. ఆపి ఆపి చదివా. "ఎవరు? ఎవరు వెళ్ళింది?" అంది ఆ అమ్మాయి మెల్లగా.

ఐదింటి బస్సుకి పోతూ చెప్పులేసుకుంటూ అంది: "తీసుకుంటామండీ. నలభై మార్చొద్దు. ఆ రూలు మొదటి పేజీలో రాయండి. రూలు పెట్టినవాళ్ళ పేరు కూడా వెయ్యండి, మా దగ్గర అది పద్ధతి." నేను సరే అనటం కూడా మర్చిపోయి తలూపా.

మర్నాడు కొట్టుకి అత్తయ్యని కూడా తీసుకెళ్ళా. పక్కన కుర్చీ వేసి, నా పేరు కింద ఆవిడ పేరు కొట్టా. పద్దెనిమిదేళ్ళ అలవాటు, చెయ్యి ఆగలేదు. పేరు పక్కన కామా పెట్టి, "భర్త పేరు" అని మామయ్య పేరు కూడా కొట్టేసింది. చూసుకుని చెరిపేశా.

"అదేంది, మీ మామయ్యని తీసేశావు?" అంది.

"ఆయనెప్పుడన్నా గవ్వలేశాడా అత్తయ్యా?"

"ఆయన మొహం" అంది. కళ్ళజోడు పైకి తోసుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదువుకుంది. "ఏ కాయితంలోనూ నా పేరు ఇట్టా ఒక్కటే లేదు" అంది. తర్వాత నా మోచెయ్యి పొడిచి, "ఇంకాస్త పెద్దక్షరాల్లో కొట్టవే" అంది.