చల్లారిన సూపు

ఎనభైల్లో ఒక చలికాలం, మిషిగన్‌లోని ఒక చిన్న ఊళ్లో మా కారు ఆగిపోయింది. మావారు మెకానిక్ కోసం వెళ్తూ, ఆరో నెల గర్భిణినైన నన్ను ఊరి మధ్య పబ్‌లో కూర్చోబెట్టారు. తెరిచి ఉన్నది అదొక్కటే. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, సూపు తెప్పించుకున్నాను.

తల మీద కొంగు కప్పుకొని, అమ్మ ఇంట్లో నేర్పినట్టే సూపు కోసం, వండినవారి కోసం, మిషిగన్ కోసం, అత్తగారి మోకాళ్ల కోసం ప్రార్థించి ఆమేన్ అన్నాను. కళ్లు తెరిస్తే పబ్బంతా నిశ్శబ్దం. మగవాళ్లంతా టోపీలు తీసేసి ఉన్నారు. కౌంటరు వెనక, ఆ వారానికి పొరుగూరి నుంచి తెప్పించిన బీరు పోస్తున్న ముసలాయన, బీరు కుళాయి పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నా ప్రార్థన అయ్యేసరికి సూపు చల్లారింది. ఆయనే వేడి చేసి తెచ్చాడు. కృతజ్ఞతతో మళ్లీ కళ్లు మూసుకున్నాను.

"మేడమ్, దీనికి ప్రార్థన అయిపోయింది," అన్నాడు మెల్లగా. "తినేయండి. వీళ్లకి దాహంగా ఉంది."