హల్‌గెర్డ్ ఎత్తిన కొమ్ము

నడి చలికాలంలో వచ్చే యూల్ పండుగకి ఊరంతా తాగే బార్లీ కల్లు కాచేది హల్‌గెర్డ్. పొయ్యి సెగకి మాడిన కనుబొమలు, పులుపు వాసన వదలని చేతులు. కాగు దగ్గర ఎవరితోనూ మాట్లాడదు. ఆ ఏడు దేవుళ్ళ పేర తాగడం అయ్యాక, పోయినవాళ్ళ పేర తాగే వంతు వచ్చింది. ఊరిపెద్ద సిగ్వాల్ద్ కొమ్ముపాత్ర ఎత్తి అందరినీ తలిచాడు, హల్‌గెర్డ్ కొడుకు కెటిల్‌ని తప్ప.

“మావాడేడీ?” అంది.

“కత్తి పట్టి పోయినవాళ్ళనే తలుస్తాం అత్తా, చేపలకి మేతైనవాణ్ణి కాదు.” బల్లల దగ్గర నవ్వులు లేచాయి.

“తుఫానులో పడవ తియ్యమన్నది నువ్వు కాదట్రా?”

అతని చేతిలోంచి కొమ్ము లాక్కుని, “కెటిల్!” అని అరిచి, చుక్క మిగల్చకుండా తాగింది. ఆ పడవలో తెడ్డు వేసి బతికొచ్చినవాళ్ళ వైపు తిరిగింది. “మీరూ లేవండి.”

అందరికన్నా ముందు లేచింది సిగ్వాల్ద్ తమ్ముడు.