నలభై రెండు కీబోర్డులకు పెట్టిన బొట్టు

మొన్న మంగళవారం పొద్దున ఆ కబురు నాకు మొదట చెప్పినవాడు, మా పాత ఆఫీసులో లిఫ్టు పక్కన స్టూలు వేసుకుని కూర్చునే అన్నయ్య. మదీనాగూడలో కూరగాయల బండి దగ్గర నన్ను గుర్తుపట్టి, చేతిలో సంచి కింద పెట్టి, "చెల్లే, మన పెద్దక్క పోయింది. బాచుపల్లిల బిడ్డ కాడ ఉండె గదా. పది దినాలాయె, నీకెవలు జెప్పలేదా?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అప్పుడు కలిసి పనిచేసిన ఆడవాళ్లం ఎవరెక్కడ ఉన్నామో మాకే తెలియదు. ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, దేవుడి ముందు దీపం పెట్టి కూర్చున్నాను గాని ఏడుపు రాలేదు. ఈ మధ్య అన్నిటికీ ఒళ్లు అలిసిపోయినట్టే ఉంటోంది, దుఃఖపడడానికి కూడా.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. గోదావరి వైపు మా ఊళ్లో, వడ్రంగం చేసే మా నాన్నగారు చెక్క పేడు మీద సుద్దతో అక్షరాలు దిద్దించారు, నాయనమ్మ సాయంత్రాలు స్తోత్రాలు వల్లె వేయించింది, ఇంగ్లీషు అక్షరాలు చాలా కాలం తర్వాత మా అమ్మాయి ఒకటో తరగతి పుస్తకం చూసి నేర్చుకున్నాను. అదైనా దక్కించిన తండ్రికి నేటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. మావారు జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ దగ్గు పట్టుకుని మంచానపడ్డారు, కొన్ని నెలలపాటు ఆ గాలి పీల్చడానికి వీల్లేదని దవాఖానలో చెప్పేశారు. అప్పుడు పక్కింటి పిన్నిగారు పుణ్యం కట్టుకుని హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో, నాలుగో అంతస్తులో, నాకు హౌస్‌కీపింగ్ పని ఇప్పించారు. చీర మీద నీలం కోటు తొడుక్కుని, రెండు బస్సులు మారి, ఏడింటికల్లా అక్కడుండేదాన్ని.

మా ఆరుగురి మీద సూపర్‌వైజరు పెద్దక్క. నుదుట రూపాయి కాసంత బొట్టు, నోట్లో ఎప్పుడూ ఒక వక్క పలుకు. ఆ అద్దాల మేడలు రాకముందు అక్కడే ఉన్న ఊరు ఆవిడది. కింద పార్కింగు చూపించి, "గీడ మా నాయిన జొన్నలేసెటోడు" అని టైము చెప్పినంత మామూలుగా చెప్పేది, అందులో ఏడుపూ ఉండేది కాదు, గొప్పా ఉండేది కాదు. నా పనిలో తప్పులు పట్టేది, మాట చివర నా గోదావరి అండీలను వెక్కిరించేది, మధ్యాహ్నం మాత్రం తన సర్వపిండిలో సగం తుంచి నా డబ్బా మూత మీద పెట్టేది.

నేను చేరిన నాలుగో నెలలో దసరా వచ్చింది. సెలవులకు ముందు రోజు ఆఫీసువాళ్లు గుమ్మం దగ్గర గుమ్మడికాయ కొట్టి, బంతిపూలు కట్టించి, అందరూ ఊళ్లకు బయలుదేరారు. నన్ను ఫ్లోరు తుడిచి పొమ్మన్నారు. తుడుస్తూ ఆ ఖాళీ కుర్చీల మధ్య నిలబడితే నాకు ఒక ఆలోచన వచ్చింది. మా పుట్టింట్లో ఆ పండక్కి నాన్నగారి రంపానికీ, చిత్రికకీ, అమ్మ కత్తిపీటకీ పసుపు రాసి బొట్టు పెట్టకుండా ఎవరూ ముద్ద ముట్టేవారు కాదు. ఈ పిల్లలందరికీ అన్నం పెడుతున్నది ఈ కీబోర్డే కదా, వాళ్ల పుణ్యాన మా ఇంట్లోనూ పొయ్యి వెలుగుతోంది కదా, మరి దీనికి బొట్టు పెట్టేవాళ్లు లేకపోవడమేమిటి అనిపించింది. ప్యాంట్రీలోంచి గిన్నె తెచ్చి, పూజలో మిగిలిన పసుపు నీళ్లలో కలిపి, ఒక్కొక్క కీబోర్డుకూ మూడేసి చోట్ల రాసి, కుంకుమ అద్ది, నెయ్యి కలిపిన అక్షింతలు చల్లాను. నలభై రెండింటికీ. ప్రతిదాని దగ్గరా మావారి దగ్గు తగ్గాలని ఒకసారి, అక్కడ కూర్చునే పిల్ల చల్లగా ఉండాలని ఒకసారి మొక్కుకున్నాను. పసుపు తగిలి పాడైన పనిముట్టును నేను అంతవరకు చూసి ఎరుగను.

పండగ మర్నాడు ఆఫీసుకు సెలవైనా, దుమ్ము దులపడానికి పెద్దక్కా నేనూ వెళ్లాం. అక్క లైట్లు వేసి, మొదటి వరుస దగ్గరే ఆగిపోయింది. పసుపు నీళ్లు మీటల సందుల్లోకి జారి గట్టిగా ఎండిపోయాయి. ఒక మీట నొక్కింది, దిగలేదు. ఇంకోటి నొక్కింది, దిగింది గాని పైకి రాలేదు.

"ఏందే ఇది? మీ ఊర్ల బండికి బెడ్తరు, బర్రెకు బెడ్తరు, సరే. గీటికి గిట్ల మెత్తుతరా ఎవలన్న?"

మర్నాడు తొమ్మిదికల్లా అందరూ వచ్చి కూర్చుంటారు. పని పోతే ఇంటికి వెళ్లి మంచం మీది మనిషితో ఏమని చెప్పాలి? కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే అక్క కసిరింది.

"ఏడ్సుడు తర్వాత. ఇప్పుడేడిస్తె ఆ నీళ్లు గూడ దాంట్లెనే పడ్తయ్. జర ముందుగాల వైరు పీకు."

అక్కకు ఒక్క అక్షరం రాదు. కంప్యూటర్లు బాగుచేసే ఆయన వచ్చినప్పుడల్లా పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే ఆవిడ విద్యంతా. వైరు పీకి, బోర్లించి, అరచేత్తో వెనక తట్టమంది. అక్షింతలు రాలాయి, వాటితోపాటు ఎన్నో రాలాయి. మిక్చరు పలుకులు, బిస్కెట్ పొడి, తల వెంట్రుకలు, కొరికి పారేసిన గోళ్లు, ఒకదాంట్లోంచి చిన్న ముక్కుపుడక చీల కూడా. ఏ పిల్ల భోజనానికి లేవకుండా అక్కడే తింటోందో, ఏ అబ్బాయి దిగులుతో గోళ్లు కొరుకుతున్నాడో ఆ ఒక్క రోజులో నాకు తెలిసిపోయింది. తట్టాక మెత్తటి రంగుల కుంచెతో సందులన్నీ దులపాలి. పిడచగా పిండిన గుడ్డ మీద రెండు చుక్కల స్పిరిటు వేసి మీటల తలలు తుడవాలి, కీబోర్డు మీద మాత్రం నీళ్లు పోయకూడదు. అంతటితో చాలా మటుకు బాగుపడ్డాయి గాని, పద్నాలుగింటికి మీటలు పీకక తప్పలేదు. పీకేముందు ఏది ఎక్కడుందో కాగితం మీద గీయమంది అక్క, అది నా వంతు. పాత క్యాలెండరు కాగితం వెనక గళ్లు గీసి నాకొచ్చిన అక్షరాలు వేశాను. చెంచా తోకతో ఒక్కొక్క మీటా మెల్లగా ఎగదీసి, గోరువెచ్చని సబ్బు నీళ్లలో వేసి, తువ్వాలు మీద ఆరబెట్టాం. ఒకదాని మీటలు ఇంకోదానితో కలవకుండా దేనికి దానికి వేరే గిన్నె. కింద పొడుగ్గా ఉండే మీటకు లోపల తీగ ఉంటుంది, దాని జోలికి పోవద్దంది. పుల్లకు దూది చుట్టి లోపలి పసుపు గీకుతూ గీకుతూ నా వేళ్లు తిమ్మిరెక్కాయి. అక్క వక్క నములుతూ, "పూజారమ్మా, వచ్చే పండుగకు లిఫ్టుకు బెట్టు బొట్టు, అదన్న ఆగకుంట నడుస్తది" అని మధ్యమధ్య నవ్విస్తూనే ఉంది. సాయంత్రానికి ముప్పై తొమ్మిది బాగుపడ్డాయి. మూడు బతకలేదు.

మర్నాడు ఆఫీసు చూసుకునే సారు ఆ మూడింటినీ బల్ల మీద పెట్టించి, సందుల్లో పసుపు చూపించి, ఎవరు చేశారమ్మా ఇది అని అడిగారు. నేను నోరు తెరవబోయేలోపే అక్క ముందుకు జరిగింది.

"నేనే బెట్టిన సార్. పండుగ గదా, మంచిదని బెట్టిన."

నేను వెనకాల తుడుపు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ క్షణంలో నా చెవిలో మావారి దగ్గు తప్ప ఇంకేమీ లేదు.

వారం తిరక్కుండా అక్కను సూపర్‌వైజరు పనిలోంచి తీసేసి, వేరే మేడ కింద పార్కింగు ఊడ్చడానికి పంపారు. సారుకు నిజం చెబుతానని వెంటపడితే బస్సు స్టాపులో నన్ను ఆపి, "నిన్నైతే ఇంటికి తోల్తరు, నన్నైతే ఇంకో బిల్డింగుకు తోల్తరు, గంతే ఫరక్. ఇప్పుడు జెప్తె ఇద్దరం పోతం. మీ ఆయనకు నయమైతుందా లేదా, అది జెప్పు" అంది. నయమవుతోందన్నాను. అయితే ఇగ బస్సెక్కమంది.

ఆ ఫ్లోరులో మాత్రం అది పెద్ద నవ్వులాట అయిపోయింది. పిల్లలు ఆవిడకు పసుపక్క అని పేరు పెట్టారు. కొత్తగా చేరినవాళ్లకు పాతవాళ్లు చెప్పేవారు, ఇక్కడొక సూపర్‌వైజరు ఉండేది, కంప్యూటర్లకు పేరంటం చేసింది అని. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఆడుకునే వయసు. టీ కప్పులు ఏరుకుంటూ ఆ నవ్వు నేను ఏళ్ల తరబడి విన్నాను, ఒక్కసారీ నేనేనని అనలేదు. మావారు లేచి తిరిగారు, మా అమ్మాయి చదువు పూర్తయింది, మోకాళ్లు పట్టేసేదాకా ఆ పని నా చేతిలో ఉంది. అంతా ఆ అమ్మవారి దయ అని చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం కాదు గాని సగమే నిజం, మిగతా సగం అక్క ఇచ్చింది.

ఇప్పుడు ఎవరి లాప్‌టాప్ వాళ్లు సంచిలో వేసుకుని పోతారట. ఏ కుర్చీ ఎవరిదీ కాదట, ముందు వచ్చినవాళ్లు ముందు కూర్చుంటారట. తుడిచే ఆడపిల్లలకు చేతి తొడుగులున్నాయి, మంచిదే, మా చేతులు పగిలినట్టు వాళ్లవి పగలవు. కానీ బోర్లించి తట్టినప్పుడు రాలినదాన్ని చూసి, అయ్యో, ఈ పిల్ల అన్నానికి లేవడం లేదే అనుకునే మనిషి ఇప్పుడు అక్కడ ఉండదేమో. వాళ్లూ మాకు మల్లేనే అలిసిపోతారు, ఎవరి కోసం అలిసిపోతున్నారో మాత్రం వాళ్లకు తెలియదు.

ఆనాడు ఆ నాలుగో అంతస్తులో కూర్చున్న పిల్లలు ఇప్పుడు నడివయసుకు వచ్చి ఉంటారు. మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఏ విందులోనో పసుపక్క కథ మళ్లీ చెప్పుకుని నవ్వుతుంటే, నవ్వండి, తప్పులేదు. కానీ ఆ బొట్లు పెట్టింది నేను. ఆవిడ పండగ మర్నాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేల మీద కూర్చుని మీ మీటలు ఒక్కొక్కటీ కడిగి మళ్లీ మీకు పెట్టిన మనిషి. ఆవిడ బతికుండగా ఈ మాట నేను చెప్పలేకపోయాను. మీరైనా పెద్దక్కను అలా గుర్తుపెట్టుకోండి.