ఏడు నిమిషాల సెట్టింగు

నిదానంగా నడిచే యంత్రాన్ని చూస్తే తిరుపతికి ఒళ్ళు మండుతుంది. నాచారంలో పంపుల విడిభాగాలు చేసే కంపెనీలో ఫిట్టరతను. చదివింది ఐటీఐ. కంప్యూటర్ పని మాత్రం ఉప్పల్‌లోని అద్దెగదిలో పాత డబ్బాలు విప్పి, బిగించి, రెండింటిని కాల్చి నేర్చుకున్నాడు. ఆ కాల్చిన సంగతి భార్య సంతోషికి తెలుసు కాబట్టి వీధంతటికీ తెలుసు.

కంపెనీ ఆఫీసులో బిల్లులు కొట్టే కంప్యూటర్ ఒకటుంది. తొమ్మిదింటికి స్విచ్ వేస్తే పని మొదలయ్యేసరికి తొమ్మిదీ పది. కొత్తగా తెనాలి నుంచి వచ్చిన మేనేజరు జగన్మోహన్‌కి అది నచ్చలేదు.

"ఏవయ్యా తిరుపతీ, దీన్ని పరిగెత్తించావంటే షెడ్డులోంచి తీసి నిన్ను ఆఫీసులో కూర్చోబెడతా. కంప్యూటర్లన్నీ నువ్వే చూసుకుందువు" అన్నాడు.

ఏసీ గది, తిరిగే కుర్చీ! పదమూడేళ్ళుగా రేకుల షెడ్డులో నిలబడి పనిచేస్తున్న తిరుపతికి ఆ మాట ముందు కాళ్ళకే వినబడింది.

ఆదివారం వచ్చి డబ్బా విప్పాడు. ఫ్యాను నిండా దుమ్ము. ఆ వేడికి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటోంది. దులిపాడు, వేడిని లాగేసే కొత్త పేస్టు రాశాడు, వదులైన ర్యామ్ ముక్కను సరిగా బిగించాడు. మూల సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్ళి, కరెంటు పొదుపు కోసమని ఎవరో ఆపేసిన మూడు ప్రాసెసర్ కోర్లనూ నడిపించాడు. సోమవారం కంప్యూటర్ ఒక్క నిమిషంలో లేచి కూర్చుంది.

జగన్మోహన్ పొంగిపోయాడు. "ఇంత బాగా నడుస్తుంటే ఇక చూసుకోవడానికి మనిషెందుకయ్యా?" అని భుజం తట్టి షెడ్డుకి పంపేశాడు.

పైగా ఆఫీసువాళ్ళు అతనితో మాటలు మానేశారు. కంప్యూటర్ లేచేదాకా అందరూ కలిసి టీ తాగడం అక్కడి ఆనవాయితీ. తిరుపతి దానికి ఎసరు పెట్టాడు. మూడో రోజున, బిల్లులు కొట్టే రాజేశ్వరమ్మ షెడ్డులోకే వచ్చింది.

"మా నోటికాడి టీ గుంజుకుంటివి బిడ్డా. నీకేమొచ్చింది? కుర్చీ ఇచ్చిండా ఆయన?"

"ఇయ్యలే అమ్మా."

"మరింకేంది సూస్తున్నవ్? మళ్ళ ఎన్కటి లెక్కనే జెయ్యి."

"పాడు మాత్రం జెయ్య" అన్నాడు తిరుపతి పౌరుషంగా. చేతిలోని స్పానరు కింద పెట్టి, "టీ తాగనీకి ఎంతసేపు పడ్తది?" అని అడిగాడు.

"ఏడు నిమిషాలు. ముచ్చట్లతో కలిపి."

మేనేజరు భోజనానికి వెళ్ళిన వేళ పని మొదలైంది. అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరుపతి ఏ యంత్రాన్నీ సవరించలేదు. మూడు కోర్లు ఆపాడు, వేగం తగ్గించాడు, ర్యామ్ ముక్క ఒకటి పీకి జేబులో వేసుకున్నాడు. రాజేశ్వరమ్మ ఫోనులో టైము చూస్తూ, "ఆరున్నరే అయింది, ఇంక జర గుంజు" అని కొసరు అడిగింది. సరిగ్గా ఏడుకి తెచ్చి, ఇంకెవరూ మార్చకుండా బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టేశాడు.

మర్నాడు కంప్యూటర్ లేవడానికి ఏడు నిమిషాలు పట్టేసరికి, మనిషి కనిపెట్టుకుని ఉండకపోతే ఇది మళ్ళీ పది నిమిషాలకొస్తుందని జగన్మోహన్ భయపడ్డాడు. రెండు రోజులకే కుర్చీ ఇచ్చాడు.

కుర్చీలో మొదటి ఉదయం. చుట్టూ టీ కప్పులు, నవ్వులు. తెర ఇంకా నల్లగానే ఉంది. జగన్మోహన్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మొదట చేశావు చూడు, అలా ఒక్క నిమిషంలో రాదా తిరుపతీ?"

ఏ మిషను ముందూ ఓడానని ఒప్పుకున్నవాడు కాదు తిరుపతి. వెనక రాజేశ్వరమ్మ కప్పు పట్టుకుని, తాగకుండా చూస్తోంది.

"నాతోని గాదు సార్" అన్నాడు. అనేశాక నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది.

"పోనీలేవయ్యా, అందరికీ అన్నీ రావుగా" అని జగన్మోహన్ ఓదార్చాడు.